శ్రీలంకకి ఏజెంటు దండగ, లక్షదీవులకి తప్పదు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. మంచితో పాటు చెడూ రాయబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. నడిపేది ఒక కుర్రాడు. కాశీ, షిర్డీ బస్సులు వేస్తుంటాడు. వాటి సంగతి నాకు తెలీదు. అతని చేతుల మీదుగా మేం వెళ్లింది ముందు శ్రీలంక, తర్వాత లక్షదీవులు. మనిషి ఒకడే, ఆఫీసూ అదే. అయినా శ్రీలంకకి అయిదుకి రెండు మార్కులిస్తాను, లక్షదీవులకి నాలుగున్నర. ఎందుకో చెప్పాలంటే ఆ రెండు చోట్లా జనం ఎట్లా బతుకుతున్నారో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నా సంగతి కూడా ఒక ముక్క. మాది కొరిటెపాడు. ఊరగాయలు, కారప్పొళ్లు పెట్టి అమ్ముతాను. ఏ ఊరెళ్లినా నా కళ్లు ముందు కిరాణా కొట్ల మీదికి పోతాయి. సూర్యాస్తమయాలు, ఇసుకలో ఫోటోలు కావాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ పనికిరాదు. వెళ్లింది నేను, మా ఆయన, మా వదిన, అంటే ఆయన అక్కగారు. వదిన మాంసం, చేప మానేసి చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులు కూడా. ఇవి రెండూ ఈ కథలో వస్తాయి.

ముందు శ్రీలంక. చెన్నై వెళ్లి విమానం ఎక్కితే గంటన్నర లోపే కొలంబో. విమానం టికెట్లు, హోటళ్లు, వ్యాను, క్యాండీ నుంచి ఎల్లా అనే ఊరి దాకా రైలు, అన్నీ ప్యాకేజీలోనే అన్నాడు. క్యాండీ స్టేషనుకి వెళ్లాక తేలింది, మా చేతిలో ఉన్నవి రిజర్వేషను లేని టికెట్లని. ఆ రైలుకి సీట్లు నెల ముందే అమ్ముడుపోతాయట. ఇతను ఆలస్యంగా చూసుకుని, ఆ మాట మాకు చెప్పకుండా మామూలు టికెట్లు అంటగట్టాడు. వదినని ఆరేడు గంటలు నిలబెట్టి తీసుకెళ్లడం కుదిరే పని కాదు. ఫోన్ చేస్తే "ఆంటీ, అక్కడ ఎవరో ఒకరు సీటిస్తారు, మంచివాళ్లు" అన్నాడు. మంచివాళ్లే. నిజంగానే ఒకమ్మాయి లేచి వదినకి సీటిచ్చింది. మా ఆయనా నేనూ నానూఓయ దాకా తలుపు దగ్గర నిలబడ్డాం.

అక్కడ దిగిపోయి, స్టేషను బయట ఒక వ్యాను మాట్లాడుకున్నాం. బేరం అయిదు నిమిషాల్లో తెగింది. డ్రైవరుకి తమిళం వచ్చు, మా ఆయన చెన్నైలో పనిచేశారు కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. అతను నువారా ఎలియాలో మంచి బస చూపించాడు, ప్యాకేజీలో ఇచ్చినదానికంటే నయం. మర్నాడు కూడా అతనే తిప్పాడు. నేను చెప్పేది ఇదే. శ్రీలంకలో ఏర్పాటు చెడితే రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపితే ఇంకొకటి దొరుకుతుంది. రైలు కాకపోతే బస్సు, ఈ హోటలు కాకపోతే పక్కది. 65,610 చదరపు కిలోమీటర్ల దేశం, రెండు కోట్లకు పైగా జనం. మన ఆంధ్రలో సగానికన్నా తక్కువే అయినా, అందులో కొండలున్నాయి, నదులున్నాయి, మెట్ట, మాగాణి అన్నీ ఉన్నాయి. పొద్దున కొలంబోలో చెమటలు కక్కి, సాయంత్రానికి స్వెట్టర్ వెతుక్కున్నాం. ఆ రైలు మార్గంలో పట్టిపొల అనే స్టేషను సముద్రమట్టానికి 1,898 మీటర్ల ఎత్తున ఉంటుంది. దీవి అంటే చుట్టూ నీళ్లుంటాయని అందరికీ తెలిసిందే కానీ, అక్కడ చాలాసేపు సముద్రం గుర్తే రాదు.

ప్యాకేజీలో నాకు ఒళ్లు మండింది మసాలా తోట దగ్గర. మాతలే దారిలో ఒక తోటకి తీసుకెళ్లి, మొక్కలు చూపించి, చివర కొట్లో కూర్చోబెట్టారు. దాల్చినచెక్క ధర విని లేచి వచ్చేశాను. తర్వాత కొలంబోలో పెట్టా అనే బజారులో అదే రకం, పల్చటి పొరలు చుట్టలు చుట్టిన అసలు దాల్చిన, చాలా తక్కువకి కొన్నాను. మసాలాల మీద బతికేదాన్ని, నాకే మసాలా ధర చెప్పబోయారు! రత్నాల కొట్టు కూడా ఉంది ప్రోగ్రాంలో, దానికి మేం పోలేదు. ఇలాంటి కమిషన్ల మజిలీలు పెట్టినవాడు, మనవాళ్లకి పనికొచ్చేవి ఒక్కటీ పెట్టలేదు. క్యాండీని ఏలిన ఆఖరి రాజులు మధుర నాయకుల బంధువులు, మూలం తెలుగువాళ్లు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహని 1815లో ఇంగ్లీషువాళ్లు దించేసి వేలూరు పంపారు, 1832లో అక్కడే పోయాడు. దళదా మాళిగ, అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడి, దాని పక్కనే ఆ రాజుల అంతఃపురాలున్నాయి, గైడు మాత్రం "రాజుగారి ఇల్లు" అని ముందుకి నడిపించాడు. అనురాధపురం వైపు పాములాడించుకుని, ఊళ్లు తిరిగి బతికిన అహికుంటకులు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. గుంటూరు నుంచి జనాన్ని తీసుకెళ్లేవాడికి ఈపాటి తెలియక్కర్లేదా?

పెట్టా బజారు మాత్రం నాకు పండగ. ఎండుమిర్చి బస్తాల ముందు నిలబడి, ఒక కాయ తుంచి వాసన చూస్తే మన యార్డులో ఉన్నట్టే ఉంది. ఉండదా మరి, శ్రీలంక తినే ఎండుమిర్చిలో ఎక్కువ భాగం దిగుమతి సరుకే, అందులో పెద్ద వాటా మన దేశానిది. కొట్టతనికి మాది గుంటూరని చెబితే లేచి కుర్చీ వేశాడు. కొబ్బరి కోరులో ఎర్ర కారం, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి నూరే పొల్ సంబోల్ తిన్నాను. రోట్లో కొబ్బరి పచ్చడికి దగ్గర చుట్టమే. అయితే అందులో ఎండబెట్టిన ట్యూనా చేప పొడి వేస్తారు. వదిన ఆకలి మీద రెండు ఆప్పాలతో తినేశాక తెలిసింది. శాకాహారం అని ప్యాకేజీ కాగితం మీద రాయించాం, హోటలుకి ఆ కబురు చేరలేదు. వదిన ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు, చేసింది ట్రావెల్స్‌వాడైతే శిక్ష నాకు. శాకాహారులెవరైనా వెళ్తే సంబోల్ ముందు పెట్టగానే అడగండి. ఇడియాప్పం నిశ్చింతగా తినొచ్చు, పప్పు కూర, బీన్సు వేపుడులో కూడా ఆ పొడి పడిందేమో అడిగి తినండి.

ఆ వ్యాను డ్రైవరు చెప్పిన సంగతులు నాకు తర్వాత లక్షదీవుల్లో మాటిమాటికీ గుర్తొచ్చాయి. 2022లో దేశం దగ్గర డాలర్లు అయిపోయాయి. పెట్రోలు బంకుల దగ్గర రాత్రిళ్లు బండిలోనే పడుకున్నాడట. వంటగ్యాస్ లేదు, మందుల్లేవు, కరెంటు కోతలు. అంతకుముందు ఏడాది రసాయన ఎరువులు ఉన్నట్టుండి ఆపేయడంతో వరి, తేయాకు దెబ్బతిన్నాయి. ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు, జులైలో అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయాడు. డబ్బు కట్టలేక ఇంధనం ఓడలు కొలంబో బయట సముద్రంలోనే నిలబడి ఉండేవట. మేం వెళ్లేనాటికి బజార్లు నిండుగా ఉన్నాయి, కానీ అన్ని ధరలూ రెట్టింపయ్యాయని ప్రతివాళ్లూ అన్నారు. అంత పచ్చటి దేశానికి కూడా ఓడ ఆగితే పొయ్యి ఆగింది.

ఇక లక్షదీవులు. శ్రీలంక గొడవ తర్వాత మళ్లీ అతని దగ్గరికే ఎందుకెళ్లారని అడుగుతారు. ఊళ్లో మేం అడిగిన మిగతా చోట్ల "మాల్దీవులు చేస్తాం మేడమ్, లక్షదీవులు చెయ్యం" అన్నారు. ఇతనొక్కడే చేస్తానన్నాడు. మనిషికి రెండు వేలు సర్వీసు చార్జీ. మా ఆయన ఎక్కువన్నారు. నాకైతే ఆ డబ్బుకి తగ్గ పని దక్కిందే అనిపిస్తుంది.

అక్కడికి పోవాలంటే మన దేశస్తులకైనా పర్మిట్ ఉండాలి. దీవుల్లో నూటికి తొంభైమందికి పైగా షెడ్యూల్డు తెగలవాళ్లు, బయటివాళ్లకి నేల అమ్మరు, వచ్చిపోయేవాళ్లకి కూడా లెక్కుంటుంది. పోలీసు క్లియరెన్సు కాగితం, ఆధార్ కాపీలు, ఫోటోలు, ఏ దీవికి ఏ తారీఖున పోతామో ముందే రాసివ్వడం. మా కాగితంలో ఇంటి నంబరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే అతనే పట్టుకుని, స్టేషనుకి తనే వెళ్లి మార్పించాడు. ఓడ అక్టోబరులో దొరికితే నయమా, జనవరిలోనా, సముద్రం ఎప్పుడు నెమ్మదిగా ఉంటుందో వివరంగా చెప్పాడు. శ్రీలంకకి రైలు టికెట్ చూసుకోనివాడు ఇతనేనా అని నాకే అనుమానం వచ్చింది.

వదిన మోకాళ్ల గురించి అతనే ముందు ఎత్తాడు. ఓడ దీవి ఒడ్డుకి రాదు. లగూన్, అంటే పగడపు దిబ్బకీ దీవికీ మధ్య నిలిచిన నీళ్లు, లోతు చాలక బయటే లంగరేస్తుంది. ఓడ పక్కనున్న తలుపులోంచి ఊగుతున్న చిన్న పడవలోకి కాలు పెట్టాలి, ఇద్దరు మనుషులు రెక్క పట్టుకుని దింపుతారు. "మీ వదినగారు ఒకసారి మా ఆఫీసుకి రావాలి ఆంటీ" అన్నాడు. ఆ మేడ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, లిఫ్టు లేదు. వదిన ఆగి ఆగి ఎక్కి పైకొచ్చేసరికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇది ఎక్కారంటే అదీ దిగుతారు" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, నిజంగానే కవరత్తి దీవి దగ్గర వదిన పడవలోకి దిగింది. దిగేటప్పుడు ఆంజనేయ దండకం సగం వినిపించింది.

కొచ్చిలో విల్లింగ్టన్ ఐలండ్ నుంచి ఓడ. పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల దారి, ఏ దీవి అనేదాన్ని బట్టి. ఎం.వి. కవరత్తి అనే ఓడ మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే, 700 మంది పడతారు. దీవులు తిరిగేవాళ్లకి పగలు నేల మీద, రాత్రి ఓడలో పడక. ఓడలో శాకాహారం ఈసారి సరిగా అందింది. అతను రాతలో పంపి, జవాబు తెప్పించి, ఆ జవాబు ప్రింటు మాకిచ్చాడు. చారు నీళ్లగానే ఉంది, అది అతని తప్పు కాదు.

కవరత్తి రాజధాని. రాజధాని అంటే సచివాలయం, కోర్టు, ఆస్పత్రి అన్నీ ఉన్న ఊరే, కానీ దీవి మొత్తం పొడవు ఆరు కిలోమీటర్లు నిండదు, వెడల్పు మహా అయితే కిలోమీటరున్నర. లగూన్ ఒడ్డున బయలుదేరి కొబ్బరి తోటల మధ్య నడిస్తే, చెప్పుల్లో ఇసుక దులుపుకునేలోగా అవతలి సముద్రం కనిపిస్తుంది. కొండ లేదు, వాగు లేదు, గట్టు కూడా లేదు. నేలంతా పగడం అరిగిన తెల్ల ఇసుక. లక్షదీవులన్నీ కలిపి 32 చదరపు కిలోమీటర్లు, మనుషులుండేది పది దీవుల్లోనే. 2011 లెక్కల్లో జనం 64,473. గుంటూరు ఊరి జనంలో పదోవంతుకి అటూఇటూ. దానికొక ఎంపీ కూడా ఉన్నాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న నీళ్ల గురించి. ఊరగాయలు పెట్టేదానికి తడి ఎంత శత్రువో, తాగే నీళ్లు లేకపోతే బతుకు ఎంత కష్టమో రెండూ తెలుసు. వాన పడితే నీరు ఇసుకలోకి దిగి, కింద ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతుందట. బావిలో ఎక్కువ తోడితే ఉప్పు పైకొచ్చేస్తుంది. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్లు చేసింది. వందల మీటర్ల లోతు నుంచి చల్లటి నీరు పైకి లాగుతారు. పైనున్న వెచ్చటి నీటిని గాలి పీల్చేసిన గదిలోకి వదిలితే కొంత ఆవిరవుతుంది, ఆ ఆవిరి చల్లటి గొట్టాలకి తగిలి మంచినీరవుతుంది. రోజుకి లక్ష లీటర్లు. నేను తాగాను. రుచి లేని నీళ్లు, మన కృష్ణ నీళ్లలా ఉండవు. పక్కింటామె బిందె పెట్టుకుని ఎదురుచూడటం చూశాక రుచి గురించి మాట్లాడ బుద్ధి కాలేదు.

అక్కడ కొట్టు చూడాలి మీరు. ఒకే గదిలో బియ్యం, సబ్బులు, ప్లాస్టిక్ బకెట్లు, స్కూలు బూట్లు. ఉల్లిపాయల బుట్ట అడుగు కనిపిస్తోంది. టమాటాలు లేవు. "ఓడ రావాలి" అన్నాడు కొట్టతను. నాకు మలయాళం రాదు, అయినా ఆ మాట అర్థమైంది. అరటి, మునగ, శీమపనస పెరడుల్లో ఉన్నాయి, కొబ్బరి సంగతి చెప్పక్కర్లేదు. మిగతాది ఓడ మీదే, లేదా పడవ మీద. డీజిలు వస్తే కరెంటు. కానుపు కష్టమైతే హెలికాప్టరులో కొచ్చి. మేం భోజనం చేసిన ఇంటావిడ కోడలు ఏడో నెలలోనే కొచ్చి వెళ్లిపోయిందట, ముందు జాగ్రత్తకి. 2024 జనవరిలో సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగుపడిందని వాళ్లబ్బాయి సంతోషించాడు. అంతకుముందు అంతా శాటిలైట్ మీదే.

శ్రీలంకలో జనం నన్ను కొనుక్కునేదానిలా చూశారు, తప్పు పట్టను. ఇక్కడ ఆవిడ నన్ను మనిషి వచ్చిందన్నట్టు చూసింది. కొబ్బరి కల్లు పులవకముందు కాచి చేసిన బెల్లం పాకం, ఆ కల్లుతోనే చేసిన వెనిగర్ చూపించింది. కొబ్బరి, బెల్లం కలిపి ఎండు అరటాకులో చుట్టిన ఉండలు పెట్టింది. మా బూరెల్లోకి పెట్టే కొబ్బరి లౌజు లాంటిదే, కాకపోతే తీపి ఎక్కువ. నేను ఒక గోంగూర సీసా ఇచ్చాను. ఆవిడ వేలితో నాకి, కళ్లు మూసుకుని, లోపలికెళ్లి తాళం వేసి దాచింది.

మినికాయ్ దీవి ఇంకో లోకం. మిగతా దీవుల్లో మలయాళం యాసైతే, ఇక్కడ మాల్దీవుల భాషకి దగ్గరిది, రాసేది కుడి నుంచి ఎడమకి. 1885లో కట్టిన దీపస్తంభం ఇప్పటికీ ఉంది. మగవాళ్లు చాలామంది ఓడల్లో ఉద్యోగాలకి పోతారు, ఊరి పెత్తనం ఆడవాళ్లది. వదినకి ఆ ఊరు తెగ నచ్చింది. ట్యూనా చేపని ఉప్పునీళ్లలో ఉడికించి, పొగపెట్టి, ఎండలో కట్టెలా ఎండబెడుతున్నారు. వాసన తగలగానే నాకు పెట్టా బజారు గుర్తొచ్చింది, సంబోల్‌లో పడేది ఈ రకం సరుకే. వదిన ముక్కు మూసుకుని చాలా దూరం నుంచి చూసింది. ట్యూనా ఊరగాయ కూడా కొన్నాను, వృత్తి ధర్మం. నూనె తక్కువ, వెనిగర్ ఎక్కువ, కారం మన దగ్గర్నుంచి వెళ్లిందే కానీ రంగు పోయిన పాత కారం. ముక్క మాత్రం గట్టిగా, బాగుంది.

ఏజెంటు పనితనం చివర్లో తెలిసింది. ఓడ కొచ్చి చేరే రోజునే గుంటూరుకి రైలు వేయమని మా ఆయన పట్టుబట్టారు. అతను ససేమిరా అన్నాడు. "అంకుల్, మీరు వేరేచోట వేయించుకోండి, నేను మాత్రం వేయను" అన్నాడు. కొచ్చిలో మధ్యలో ఒక రోజు వదిలాడు. గాలి మారి ఓడ ఆలస్యమైంది, ఆ వదిలిన రోజు కాస్తా అందులోనే కరిగిపోయింది. లక్షదీవుల్లో రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపితే ఏమీ రాదు. ఇంకో ఓడ లేదు, పర్మిట్‌లో లేని దీవిలో దిగనివ్వరు, బస ముందే మాట్లాడుకోకపోతే లేదు. అందుకే అక్కడ మన డబ్బుకి తగ్గ పని ఏజెంటు చేయాల్సి వస్తుంది. శ్రీలంకలో అతను చేసినదంతా నేను ఫోన్లో చేసుకోగలను, అదీ మసాలా తోట లేకుండా.

అర మార్కు ఎందుకు తీశానంటే, బంగారం అనే దీవిలో తప్ప ఎక్కడా మందు దొరకదని మా ఆయనకి ముందే చెప్పలేదు. నాకు చెప్పాడు, ఆయనకి చెప్పొద్దని నేనే అన్నాననుకోండి. అసలు కారణం, గవ్వలు, పగడం ముక్కలు తీసుకురాకూడదని చెప్పకపోవడం. వదిన ఏరుకున్న గుప్పెడు పగడం ముక్కలు తిరుగు ప్రయాణంలో సామాను చూసేచోట బయట పెట్టించారు, ఆవిడ చిన్నబుచ్చుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. మే సగం నుంచి సెప్టెంబరు సగం దాకా వానాకాలం, ఓడ ప్యాకేజీలు ఉండవు, కాబట్టి కాగితాలు ఆగస్టులోనే మొదలుపెట్టించండి, ముందుగా పోలీసు కాగితం. నగదు చేతిలో ఉంచుకోండి. శ్రీలంకకి విమానం టికెట్, మొదటి రాత్రి హోటలు, క్యాండీ రైలు సీట్లు మీరే బుక్ చేసుకోండి, మిగతాది అక్కడే తేలుతుంది. బ్రాడీపేట ఆఫీసుకైతే పదకొండు లోపు వెళ్లండి. తర్వాత కాశీ బస్సు జనం వచ్చేస్తారు, కూర్చోడానికి చోటుండదు.